చప్పుడు ఎగ్జాస్ట్‌ది కావచ్చు, ప్రమాదం మూడో సిలిండర్‌ది

ప్రశ్న: నా దగ్గర 1972 మోడల్ వోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంది. 1600 సీసీ ట్విన్ పోర్ట్ ఇంజన్. కొన్నాళ్లుగా వెనక ఎడమవైపు నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గట్టిగా ఉంటుంది. వేడెక్కాక తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఎత్తు ఎక్కేటప్పుడు మళ్లీ మొదలవుతుంది, యాక్సిలరేటర్ వదిలేస్తే వినబడదు. గత 1500 కిలోమీటర్లలో ట్యాపెట్లు (వాల్వ్ గ్యాప్‌లు) మూడుసార్లు 0.15 మి.మీ.కి సెట్ చేశాను. చప్పుడులో తేడా లేదు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్‌కి మాత్రం విప్పిన ప్రతిసారీ గ్యాప్ దాదాపు ఉండటం లేదు, మళ్లీ పెడుతున్నాను. ఆయిల్ లైట్ వెలగడం లేదు. మెకానిక్ కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) బేరింగ్ పోయిందనీ, ఇంజన్ విప్పాలనీ అంటున్నాడు. ఇంకొకరు చిక్కటి ఆయిల్ పోసి చూడమన్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు సమస్యలున్నాయి. చప్పుడు గురించి వివరంగా రాశారు, అది బహుశా ఎగ్జాస్ట్ లీకు. దానికన్నా ముఖ్యమైనది మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు: మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ గ్యాప్ ప్రతిసారీ మూసుకుపోవడం. ఈ ఇంజన్‌లో టకటకమనే వాల్వ్ కన్నా చప్పుడు చేయని వాల్వే ప్రమాదం. గ్యాప్ ఎక్కువైతే వాల్వ్ మోగుతుంది, అంతే. గ్యాప్ లేకపోతే వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు, తన వేడిని హెడ్‌కి (సిలిండర్ పైమూతకి) ఇవ్వలేదు, కాలిపోతుంది. కారణం తేలేదాకా దూరప్రయాణాలు మానేయండి. హైవే మీదికి అసలు వద్దు.

ముందు రాడ్ బేరింగ్ అనుమానం తీర్చుకుందాం, ఎందుకంటే డబ్బంతా ఖర్చయ్యేది అక్కడే. అరిగిన రాడ్ బేరింగ్ చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా ఉండి, వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక మోగుతుంది. ఫుల్ లోడ్‌లో కన్నా, యాక్సిలరేటర్ కొంచెం వదిలిన క్షణంలో, లోడ్ లేకుండా ఒకే వేగంతో పోతున్నప్పుడు బాగా తెలుస్తుంది. మీ చప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం: చల్లగా ఉంటే ఎక్కువ, లోడ్‌లో ఎక్కువ, వదిలేస్తే మాయం. బేరింగులు బాగా అరిగితే వేడి ఇంజన్ ఐడిల్‌లో ఆయిల్ లైట్ కూడా మినుకుమినుకుమంటుంది. అయితే లైట్ వెలగలేదు కదా అని మరీ ధీమా పడొద్దు. ఆ స్విచ్ ప్రెషర్ 0.15 నుంచి 0.45 బార్ మధ్యకు పడిపోతేగానీ పనిచేయదు. అప్పటికి చాలా నష్టం జరిగి ఉంటుంది.

దానికన్నా నమ్మదగిన సాక్ష్యం ఇంజన్ కిందే ఉంది. ఆయిల్ తీసేసి, కింద ఆరు నట్లతో ఉన్న గుండ్రటి ప్లేటు విప్పి, జాలీ ఫిల్టర్ బయటికి తీయండి. జాలీనీ, ప్లేటు అడుగునున్న మడ్డినీ పెట్రోల్‌తో తెల్లగుడ్డ మీదికి కడిగి ఎండలో చూడండి. రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగ్ పైపూత దాటి లోపలి పొర దాకా అరిగిందని అర్థం, అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం. అయస్కాంతానికి అంటుకునే సన్నటి నూగు కొంచెం ఉండటం మామూలే. వెండిలా మెరిసే, అయస్కాంతానికి అంటని పొడి ఎక్కువగా ఉంటే క్రాంక్‌కేస్ (క్రాంక్ తిరిగే ఇంజన్ పెట్టె) గానీ పిస్టన్ గానీ అరుగుతున్నట్టు. తిరిగి బిగించేటప్పుడు రెండు గ్యాస్కెట్లూ, నట్ల కింద రాగి వాషర్లూ కొత్తవి వేయండి. ఆ నట్లకు 7 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. ఆయిల్ కారుతోందని ఇంకా బిగిస్తే ప్లేటు వంగుతుంది, కేస్‌లోంచి స్టడ్ ఊడొస్తుంది, అప్పుడు నిజంగానే కారుతుంది. ఈ ఇంజన్‌లో పట్టేది 2.5 లీటర్లే.

చిక్కటి ఆయిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. లీకయ్యే గ్యాస్‌ని ఆయిల్ ఆపలేదు, సాగిన వాల్వ్‌ని పొట్టిగా చేయలేదు. పైగా ఆయిల్ మరీ చిక్కగా ఉంటే ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ ఆయిల్ ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ తెరుచుకునే ఉంటుంది, ఆయిల్ కూలర్‌లోకి వెళ్లకుండానే తిరుగుతుంది. 20డబ్ల్యూ-50 పోసి ఉంటే అదే ఉంచండి. డబ్బాల్లో దొరికే మందులు ఏవీ కలపొద్దు.

ఇప్పుడు చప్పుడు. బీటిల్‌లో చెవిని నమ్మడం కష్టం. ఫ్యాన్ చుట్టూ ఉన్న రేకు డొప్ప, సిలిండర్ల చుట్టూ ఉన్న రేకులు శబ్దాన్ని ఒకచోట పుట్టించి ఇంకోచోట వినిపిస్తాయి. అందుకే ముందుగా ఫ్యాన్, జనరేటర్లను లెక్కలోంచి తీసేయాలి. జనరేటర్ పుల్లీకి ముందువైపు ఉన్న గాడిలో స్క్రూ డ్రైవర్ పెట్టి తిరగకుండా ఆపి, 21 మి.మీ. స్పానర్‌తో నట్టు విప్పి బెల్టు తీసేయండి. పుల్లీ సగాల మధ్య ఉన్న షిమ్‌లు (పలచటి రేకు రింగులు) ఎన్ని లోపల, ఎన్ని బయట ఉన్నాయో చూసుకుని అలాగే తిరిగి వేయండి. బెల్టు లేకుండా చల్లటి ఇంజన్‌ని నిమిషంలోపే నడపాలి, ఫ్యాన్ తిరగదు కాబట్టి. చప్పుడు పోతే జనరేటర్ బేరింగ్ గానీ, డొప్పకి తగులుతున్న ఫ్యాన్ గానీ, దాని వదులు నట్టు గానీ కారణం. మీ విషయంలో పోదనే నా అంచనా. లోడ్‌ని బట్టి మారే శబ్దం ఫ్యాన్‌ది కాదు.

తర్వాతది అసలైన పరీక్ష, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో సిలిండర్‌ని ఆపి చూడటం. ప్లగ్ వైరు పీకి గాల్లో వదిలేయొద్దు, కాయిల్‌కీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే దానికీ మంచిది కాదు. ముందే ఒక పాత ప్లగ్‌ని వైరుతో ఇంజన్ బాడీకి గట్టిగా కట్టి ఉంచుకుని, ఇంజన్ ఆపి, ఒక సిలిండర్ వైరుని దానికి తగిలించి మళ్లీ స్టార్ట్ చేయండి. మూడు, నాలుగు సిలిండర్లతో మొదలుపెట్టండి. ఇవే ఎడమవైపువి. కారు ముందుకు చూస్తున్న దిశలో నిలబడితే ఎడమ ముందుది మూడు, ఎడమ వెనకది నాలుగు, కుడి ముందుది ఒకటి, కుడి వెనకది రెండు. ఒక సిలిండర్‌ని ఆపగానే చప్పుడు పోయినా, బాగా తగ్గినా అది ఆ సిలిండర్‌లో మంట పుట్టించే ఒత్తిడి వల్ల వచ్చేది: ఎగ్జాస్ట్ లీకు, హెడ్ లీకు, పిస్టన్, రాడ్ వీటిలో ఒకటి. నాలుగింటిలో దేన్ని ఆపినా ఏ మార్పూ లేకపోతే ట్యాపెట్ వైపు చూడాలి, ఎందుకంటే మంట ఉన్నా లేకపోయినా రాకర్లు (వాల్వ్‌లను తెరిచే మీటలు) కొట్టుకుంటూనే ఉంటాయి. టైమింగ్ లైట్ వెలుగుతో చప్పుడు కలుస్తోందా అని చూసి తేల్చేయొచ్చని కొందరంటారు. అది సగం పనే చేస్తుంది. వాల్వూ, ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ లీకూ రెండూ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారే మోగుతాయి కాబట్టి ఆ లైటు వాటిని వేరు చేయలేదు.

ఇక లీకా, పిస్టనా? అరిగిన బోర్‌లో పిస్టన్ కొట్టుకున్నా చల్లగా ఉన్నప్పుడే గట్టిగా ఉంటుంది, లోడ్‌లోనే తెలుస్తుంది. కాకపోతే దాని శబ్దం టిక్ కాదు, బోలుగా డొక్ డొక్‌మంటుంది. దీన్ని తేల్చడానికి గుడ్డ చాలు. రాత్రంతా చల్లారిన కారుని ఆరుబయట పెట్టి, మందపాటి తడిగుడ్డలు రెండు సిద్ధం చేసుకుని, మందపాటి గ్లవ్స్ వేసుకుని, స్టార్ట్ చేసిన వెంటనే ఇద్దరు రెండు సైలెన్సర్ గొట్టాలనూ రెండు మూడు సెకన్లు అదిమి పట్టండి. టిక్ టిక్ పెరిగి బుస్ బుస్‌గా మారితే ఎగ్జాస్ట్ కీలు ఏదో లీకవుతోంది. పిస్టన్ చప్పుడుకి ఏ తేడా రాదు. హెడ్‌కీ సిలిండర్‌కీ మధ్య లీకు ఉంటే దానికీ రాదు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. గొట్టాలు వేడెక్కాక ఈ పని చేయొద్దు. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి అప్పుడు పెద్దగా ఏమీ తెలియదు కూడా. మీ చప్పుడు వేడెక్కాక తగ్గడానికీ అదే కారణమని నేను అనుకుంటున్నాను.

లీకు ఎక్కడో పట్టుకోవాలంటే ఈ ఎగ్జాస్ట్ ఎలా బిగించి ఉంటుందో తెలియాలి. ముందువైపు సిలిండర్లయిన ఒకటి, మూడులకి హీట్ ఎక్స్‌ఛేంజర్లు (క్యాబిన్‌కి వెచ్చగాలి ఇచ్చేవి) తగులుతాయి. వెనకవైపు రెండు, నాలుగులకి సైలెన్సర్ నేరుగా హెడ్ మీద కూర్చుంటుంది. హీట్ ఎక్స్‌ఛేంజర్ల వెనక చివరలు సైలెన్సర్‌ని కలిసేచోట క్లాంపులుంటాయి. కార్బొరేటర్ మానిఫోల్డ్‌ని వేడి చేసే సన్నగొట్టం రెండు చివరలా చిన్న ఫ్లాంజులతో (బోల్టులు పట్టే అంచు పలకలతో) సైలెన్సర్‌కి బిగిసి ఉంటుంది, అవి కూడా తరచూ కారేవే. సైలెన్సర్ నాలుగుచోట్ల ఒకేసారి కుదరాలి. చవకరకం సైలెన్సర్లలో ఫ్లాంజులు వంకరగా ఉండి ఒకటి కూర్చుంటే ఇంకొకటి లేస్తుంది. మీకు ఎడమ వెనకాల వినిపిస్తోంది కాబట్టి నాలుగో సిలిండర్ ఫ్లాంజ్ మీద నా మొదటి అనుమానం, మూడో సిలిండర్ ఫ్లాంజ్ మీద రెండోది.

ముందు కళ్లతో చూడండి. లీకు దగ్గర నల్లగా గానీ బూడిదరంగుగా గానీ మసి చార ఉంటుంది. కనబడకపోతే చల్లటి ఇంజన్‌కి ఒక సైలెన్సర్ గొట్టం గుడ్డతో మూసి, రెండోదాంట్లోకి వాక్యూమ్ క్లీనర్ గాలి బయటికి వదిలే వైపు నుంచి ఊదించి, కీళ్లన్నిటి మీదా సబ్బునీళ్లు చల్లండి. బుడగలు వచ్చినచోటే పని. కంప్రెసర్ గాలి వద్దు, ఒత్తిడి ఎక్కువై లేని లీకులు కూడా చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఒక మీటరు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని రెండో చివర కీళ్ల వెంట తిప్పినా దొరుకుతుంది, బెల్టుకీ పుల్లీకీ దూరంగా ఉంచండి.

గ్యాస్కెట్ మార్చేటప్పుడు పాతదాని ముక్కలు హెడ్ మీదినుంచి పూర్తిగా తీసేసి, ఫ్లాంజ్‌ని సమతలంగా ఉన్న గాజు మీద పెట్టి వంకర ఉందో లేదో చూడండి. 8 మి.మీ. ఎగ్జాస్ట్ స్టడ్‌లు అల్యూమినియం హెడ్‌లో ఉన్నాయని మరచిపోవద్దు. నట్టు కదలకపోతే ముందురోజు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, మర్నాడు ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెంగా తిప్పండి. స్టడ్ విరిగితే గంట పని రెండు రోజులవుతుంది. తిరిగి బిగించడానికి 20 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. అన్ని నట్లూ చేత్తో పట్టించాక మాత్రమే స్పానర్ వాడండి.

ఈ పని చేస్తూనే హీట్ ఎక్స్‌ఛేంజర్ల లోపలి గొట్టాలకు చిల్లులున్నాయేమో చూడండి. క్యాబిన్‌లోకి వచ్చే వెచ్చగాలి ఆ గొట్టాల మీదుగానే వస్తుంది. చిల్లు పడితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మీరు కూర్చున్నచోటికి చేరుతుంది. అనుమానం తీరేదాకా హీటర్ వాడొద్దు, అద్దాలు దించి నడపండి.

ఇక అసలు విషయం, మూడో ఎగ్జాస్ట్. మొదట, మీరు సరైన వాల్వ్‌నే సరైన స్థితిలో కొలుస్తున్నారా అన్నది ఖాయం చేసుకోవాలి. ట్యాపెట్లు సెట్ చేయడంలో ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండాలి. క్రాంక్ పుల్లీ (కింది పెద్ద పుల్లీ) మీది టీడీసీ గుర్తు (పిస్టన్ పైకొసకి చేరిందని చూపేది) కేస్ రెండు సగాల అతుకుకి ఎదురుగా, డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటార్ దాని అంచు మీది గీతకి ఎదురుగా వస్తే ఒకటో సిలిండర్. ఆ గుర్తుకి సరిగ్గా ఎదుటివైపు పుల్లీ మీద పెయింట్ చుక్క పెట్టుకోండి. తర్వాత పుల్లీని గడియారం ముల్లుకి వ్యతిరేకంగా అరచుట్టు తిప్పితే రెండు, ఇంకో అరచుట్టు తిప్పితే మూడు, ఆ తర్వాత నాలుగు. ఫైరింగ్ ఆర్డర్ 1-4-3-2 కాబట్టి వెనక్కి తిప్పితే 1-2-3-4గా వస్తుంది. ఒక్కో హెడ్‌లో బయటి రెండూ ఎగ్జాస్ట్, లోపలి రెండూ ఇన్‌లెట్. కాబట్టి మూడో ఎగ్జాస్ట్ అంటే ఎడమ హెడ్‌లో కారు ముందువైపున్న చివరి వాల్వ్. కొలిచే ముందు రాకర్ షాఫ్ట్ నట్లు రెండూ 25 న్యూటన్ మీటర్ల దగ్గర ఉన్నాయో లేదో చూడండి. ఆ నట్లు వదులైతే గ్యాప్ పెరుగుతుందేగానీ తగ్గదు, అయినా లెక్క శుద్ధంగా ఉండాలి.

అడ్జస్టింగ్ స్క్రూ కొన కూడా చూడండి. వాల్వ్ కొన తగిలి తగిలి అక్కడ గుంట పడితే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) గుంట అంచుల మీద ఆనుతుంది. మీరు 0.15 అనుకున్నది నిజానికి 0.25 ఉండొచ్చు, మిగతా వాల్వ్‌లు మోగడానికి అదీ ఒక కారణమే. అలాంటి స్క్రూలు మార్చేయాలి. ఇంకో సంగతి: ఇంజన్‌ని ఎవరైనా మునుపు విప్పి క్రోమోలీ స్టీల్ పుష్ రాడ్‌లు (రాకర్లను తోసే కడ్డీలు) వేశారేమో ఒకటి తీసి అయస్కాంతం పెట్టి చూడండి. అసలువి అల్యూమినియం గొట్టాలు, కొనలు మాత్రమే స్టీలు. పూర్తిగా స్టీలువైతే ఇంజన్ వేడికి పెరిగినంత అవి పెరగవు. వాటికి చల్లటి ఇంజన్‌లో 0.15 ఇవ్వరు. పుష్ రాడ్ వేళ్లతో సులువుగా తిరుగుతూ, రాకర్ కదలని దగ్గర సెట్ చేస్తారు.

ఇవన్నీ సరిగా ఉన్నాయనుకుందాం. మూడో ఎగ్జాస్ట్‌ని 0.15కి పెట్టి, ఊళ్లోనే మెల్లగా ఓ 200 కిలోమీటర్లు తిప్పి, మర్నాడు పొద్దున్నే చల్లగా కొలవండి. 0.15 అలాగే ఉంటే ఇంతకుముందు కొలతలో పొరపాటు జరిగింది, ఇంకోసారి 500 కిలోమీటర్ల దగ్గర చూస్తే చాలు. 0.10కో అంతకన్నా తక్కువకో వస్తే మళ్లీ సెట్ చేయొద్దు, కారు నిలిపేయండి. గ్యాప్ తగ్గడానికి మిగిలిన కారణాలు రెండే. ఒకటి, వాల్వ్ తలా కాడా కలిసేచోట వేడికి మెత్తబడి సాగుతోంది. రెండు, వాల్వ్ అంచు గానీ సీటు గానీ తినేసి వాల్వ్ హెడ్‌లోకి దిగిపోతోంది. రెండోది కంప్రెషన్ పోగొట్టి మెల్లగా చంపుతుంది. మొదటిదైతే ఒకరోజు వాల్వ్ తల తెగి సిలిండర్‌లో పడుతుంది, పిస్టన్, హెడ్ రెండూ పోతాయి, ముక్కలు మానిఫోల్డ్ గుండా పక్క సిలిండర్‌కీ చేరవచ్చు. గ్యాప్ సరిచేసిన ప్రతిసారీ ఆ హెచ్చరికని చెరిపేసి, సాగడానికి మరింత చోటు ఇస్తున్నట్టే.

హెడ్ విప్పే ముందు ఇంకొక్క పరీక్ష చేస్తే మిగతా సందేహాలు కూడా తీరతాయి. మూడో సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీలో పెట్టి, కారు గేర్‌లో, హ్యాండ్ బ్రేక్ లాగి, లీక్‌డౌన్ గేజ్‌తో (సిలిండర్ ఎంత గాలి కారుస్తోందో చూపే మీటరుతో) ప్లగ్ రంధ్రంలోంచి గాలి పంపండి. సైలెన్సర్ గొట్టంలో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. కార్బొరేటర్‌లో వినిపిస్తే ఇన్‌లెట్. ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. సిలిండర్ రెక్కల మధ్యనుంచి వస్తే హెడ్‌కీ సిలిండర్‌కీ మధ్య కీలు. తడిగుడ్డ పరీక్షలో మార్పు రాని టిక్ టిక్‌కి ఈ చివరిదే సమాధానం కావచ్చు. మెగ్నీషియం మిశ్రమంతో చేసిన ఈ క్రాంక్‌కేస్‌లలో హెడ్ స్టడ్‌ల మరలు కేస్‌లోంచి లాక్కుని రావడం పాత జబ్బు. హెడ్ నట్టు తిరుగుతూనే ఉండి బిగువు రాకపోతే మర పోయినట్టే. ఇంకా బిగించి లాభం లేదు, కేస్‌లో స్టీల్ ఇన్సర్ట్ వేయించాలి. నాలుగో సిలిండర్‌ని కూడా ఇలాగే చూడండి.

ఏ కారణంతోనైనా ఎడమ హెడ్ విప్పాల్సి వస్తే ఇంజన్ దించాలి. అంటే మీ మెకానిక్ చెప్పిన పనిలో సగం చేయాల్సిందే, కానీ కారణం వేరు, క్రాంక్‌కేస్ చీల్చాల్సిన అవసరం లేదు. ఇంజన్ దించాక క్రాంక్ పుల్లీని ముందుకూ వెనక్కూ లాగి డయల్ గేజ్‌తో క్రాంక్ ఎండ్ ప్లే (క్రాంక్ ముందుకూ వెనక్కూ జరిగే దూరం) కొలిపించండి. 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్య ఉండాలి, 0.15 దాటితే అప్పుడు కేస్ గురించి మాట్లాడుకోవాలి. రాడ్‌ల మీద ఇంకా అనుమానం ఉంటే సిలిండర్లు తీసినప్పుడు రాడ్‌ని దాని పొడవు వెంట చేత్తో లోపలికీ బయటికీ కదిపి చూస్తే తెలిసిపోతుంది. రాడ్ పక్కకు కొంచెం జరగడం సహజం, అది లోపం కాదు.

హెడ్‌లో సీట్ల మధ్య, సీటుకీ ప్లగ్ రంధ్రానికీ మధ్య పగుళ్లు చూడమనండి. ట్విన్ పోర్ట్ హెడ్‌లకి అది మామూలు. పగులు ప్లగ్ మరల్లోకి పాకితే ఆ హెడ్ మీద ఖర్చు పెట్టొద్దు. హెడ్ బాగుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ ఒక్కటే కాదు, రెండు హెడ్‌లలోని నాలుగూ మార్చండి. అదే వేడి మిగతావీ తిన్నాయి. గైడ్‌లు (వాల్వ్ కాడ జారే గొట్టాలు) అరిగి ఉంటే కొత్త వాల్వ్ కూడా వంకరగా కూర్చుని కాలుతుంది, కాబట్టి గైడ్‌లు చూడకుండా సీట్లు కోయనివ్వొద్దు.

మూడో సిలిండరే ఎందుకు కాలిందో తెలుసుకోకుండా ఇంజన్ తిరిగి ఎక్కించకండి. పాత ఫ్యాన్ డొప్పల్లో ఆయిల్ కూలర్ లోపలే నిలబడి మూడో సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డుపడేది. 1971 మోడల్ నుంచి కూలర్‌ని డొప్ప బయటికి, కారు ముందువైపుకి జరిపి, దానికి వేరే గాలిదారి పెట్టారు. మీ కారు 1972ది కాబట్టి కొత్తరకం డొప్పే ఉండాలి, కానీ ఇన్నేళ్లలో ఎవరైనా పాత డొప్ప తగిలించి ఉండొచ్చు, లేదా కూలర్ వెనక రేకులూ నురుగు సీళ్లూ మాయమై ఉండొచ్చు. కింది థర్మోస్టాట్ 65 నుంచి 70 డిగ్రీల మధ్య తెరుచుకుని డొప్పలోని తలుపులను పూర్తిగా తెరుస్తోందా, ఇంజన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు తెగకుండా ఉందా చూడండి. వాక్యూమ్ గొట్టం ఊడదీసి 3000 ఆర్‌పీఎం పైన టైమింగ్ 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఆగుతోందా, మానిఫోల్డ్ రబ్బరు బూట్ల దగ్గర ఎడమవైపు గాలి పీల్చి మిశ్రమం పలచబడుతోందా అన్నదీ చూడాలి. కార్బొరేటర్ క్లీనర్ ఆ బూట్ల మీద కొంచెం చల్లినప్పుడు ఐడిల్ మారితే బూటు చీలినట్టే. ఇది వేడి ఎగ్జాస్ట్ మీద పడకుండా, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే, అగ్నిమాపక సిలిండర్ పక్కన పెట్టుకుని చేయండి.